మూత్రపిండం: ఉద్దానం నేపథ్యం

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు ఉన్న ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల్లో ‘క్రియాటినిన్ ఎంత?’ అన్నది ఇంటింటి మాట. మూత్రపిండాల పనితీరును చెప్పే రక్తపరీక్ష అది.

వెన్నెముకకు చెరోపక్క ఉండే రెండు మూత్రపిండాల్లో కుడిది, పైన కాలేయం ఉన్నందున, కాస్త దిగువన ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత విభాగాలు. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నరే. తక్కినదంతా నెఫ్రాన్లలోని నాళికలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఉద్దానంలో ప్రబలిన మూత్రపిండాల జబ్బు ప్రధానంగా ఈ నాళికలనూ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే తొలిదశలో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. బీపీ, షుగరు లేనివారికీ వస్తుంది. నొప్పి ఉండదు, అదే దీని మోసం. తాగునీరు, ఎండలో చెమటోడ్చే పని, పురుగుమందులు... అనుమానాలు చాలానే ఉన్నా అసలు కారణం తేలలేదు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

జబ్బు ముదిరి డయాలసిస్ చేయించుకునే రోగి చేతి ఫిస్టులాపై (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోట) వేళ్లు ఆనిస్తే పిల్లి గురగురలాంటి అదురు తగులుతుంది. అది ఆగిపోతే రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టరాదు, పరీక్షలకు రక్తమూ తీయరాదు.