వజ్రానికి సాక్షి ఎవరు?

విద్యార్థులారా! రాయ్‌పూర్ సదర్ బజారులో వజ్రపు ఉంగరం కొనబోతే దుకాణదారు రెండు వస్తువులు చూపిస్తాడు. ఒకటి రాయి, రెండోది కాగితం. కాగితం మీద రాయి బరువు, రంగు, స్వచ్ఛత, కోత వివరాలు ఉంటాయి. దీన్నే సర్టిఫికెట్ అంటున్నాం. ఈ కాగితం పుట్టి వందేళ్లు కూడా కాలేదు. కాని దాని వెనకున్న ప్రశ్న చాలా పాతది: రాయి గురించి అమ్మేవాడి మాట కాక, మరెవరి మాట నమ్మాలి? ఆ ప్రశ్న చరిత్రను ఈ పాఠంలో చూద్దాం.

క్రీ.శ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయం ఉంది. ఏ ప్రాంతపు వజ్రం ఏ రంగులో ఉంటుందో అందులో చెప్పాడు. కళింగ వజ్రం పసుపు ఛాయ. కోసల వజ్రం దిరిసెన పువ్వు ఛాయ. ఈ కోసలను చాలామంది పండితులు దక్షిణ కోసలగా గుర్తించారు. నేటి రాయ్‌పూర్, సంబల్‌పూర్ ప్రాంతాలు అందులోవే. ఎనిమిది తెల్ల ఆవగింజలు ఒక బియ్యపు గింజ ఎత్తు అనీ, ఇరవై గింజల ఎత్తు వజ్రానికి ధర రెండు లక్షలనీ లెక్క కూడా కట్టాడు. అంటే బరువు, రంగు, దోషం, ఆకారం అన్నీ అప్పటికే పరీక్షలో ఉన్నాయి.

అయితే మంచి వజ్రం నీటి మీద తేలుతుందని కూడా ఆ గ్రంథం చెబుతుంది. వజ్రం సాంద్రత నీటికంటే 3.5 రెట్లు. అది తప్పక మునుగుతుంది. పాత గ్రంథాన్ని గౌరవించడం వేరు, పరీక్షించకుండా ఒప్పుకోవడం వేరు.

ఇక ఆకారం సంగతి. ఆ కాలంలో ఆకారాన్ని ఎవరూ ఎంచుకోలేదు. ప్రకృతి ఇచ్చినదాన్నే తూచారు. ఆరు కోణాలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు అంచులు ఉన్న రాయి శ్రేష్ఠమని రత్నశాస్త్రాలు చెప్పాయి. రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఊహించండి, లెక్క సరిపోతుంది. అదే అష్టఫలకం, వజ్ర స్ఫటికానికి సహజ రూపం. అంచులు చెక్కుచెదరని రాయి అసలైనదనడానికి ఆకారమే సాక్ష్యం.

17వ శతాబ్దానికి పరిస్థితి మారింది. గోల్కొండ గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ తన యాత్రా గ్రంథంలో రెండు ముఖ్యమైన సంగతులు రాశాడు. మొదటిది: ఇక్కడి వ్యాపారులు రాత్రిపూట గోడగూటిలో పెట్టిన దీపం వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టుకుని పరీక్షించేవారు. రెండోది: రాయి స్వచ్ఛంగా ఉంటే సానగాడు దాన్ని పైపైన మెరుగుపెట్టి వదిలేసేవాడు, మచ్చ ఉంటే చిన్న చిన్న ముఖాలు చాలా చెక్కి దాన్ని కప్పేవాడు. అంటే ఆకారం సాక్ష్యం చెప్పడమే కాదు, సాక్ష్యాన్ని దాచడమూ నేర్చింది.

ఆకారానికి, బరువుకు మధ్య పోటీని కోహినూరు కథ చూపుతుంది. 1851 లండన్ ప్రదర్శనలో దాని మెరుపు చాలామందిని నిరాశపరిచింది. 1852లో తిరిగి కోయించారు. పాత లెక్కలో 186 క్యారట్ల రాయి, సుమారు 105.6 క్యారట్లకు తగ్గింది. మెరుపు కోసం బరువును వదులుకున్నారన్నమాట. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లోపలికి వెళ్లిన కాంతి అడుగునుంచి జారిపోకుండా తిరిగి పైకి రావాలంటే ముఖాలు ఏ కోణంలో ఉండాలో గణితంతో లెక్కించాడు. నేటి గుండ్రని కోతకు అది ముఖ్యమైన పునాది.

అందుకే ఆకారం ఎంచుకునేటప్పుడు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. గుండ్రని కోతలో ముడిరాయి సాధారణంగా సగానికి పైగా పోతుంది. చదరపు కోతలో ఎక్కువ మిగులుతుంది. అందుకే అదే బరువున్న గుండ్రని రాయికి ధర ఎక్కువ. మెట్ల కోత ఉన్న దీర్ఘచతురస్రం కిటికీ లాంటిది. లోపలి మచ్చ దాగదు. కన్నీటి బొట్టు ఆకారపు మొన దెబ్బ తగిలితే విరగవచ్చు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. గింజల తూకం ఊరికొక రకంగా ఉండేది. 1907లో అంతర్జాతీయ తూనికల మహాసభ మెట్రిక్ క్యారట్‌ను 200 మిల్లీగ్రాములుగా ఆమోదించింది. 1931లో అమెరికాలో ప్రారంభమైన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 1950లలో రంగుకు డి నుంచి జడ్ దాకా తరగతులు ఏర్పరచి, వజ్రాలకు నివేదికలు ఇవ్వసాగింది. మనదేశంలో 1972లో జైపూర్‌లో రత్నపరీక్షా ప్రయోగశాల వచ్చింది. 2006లో ఆ అమెరికా సంస్థ కోతకు కూడా తరగతి ఇవ్వడం ప్రారంభించింది, అదీ గుండ్రని రాళ్లకే. తక్కిన ఆకారాల అందాన్ని చూసేవారి కన్నే తేల్చుకోవలసి వచ్చింది. ఇలాంటి కాగితం రాయి గుణాలు చెబుతుంది, ధర చెప్పదు. రాయి నడుము అంచున లేజరుతో చెక్కిన సంఖ్య ఉంటే, అది కాగితం మీది సంఖ్యతో కలిసిందో లేదో భూతద్దంతో చూడాలి. రాయి గనిలోదా, ప్రయోగశాలలో పెంచినదా అన్నది కంటితో తేలదు; దానికి యంత్రపరీక్ష కావాలి.

ఇంతకూ కోసల వజ్రం ఏమైంది? 1990లలో అప్పటి రాయ్‌పూర్ జిల్లా మైన్‌పూర్ ప్రాంతంలో బెహ్రాడీ, పాయలీఖండ్ వంటి చోట్ల వజ్రాలున్న అగ్నిశిలా గొట్టాలు బయటపడ్డాయి. 2012 నుంచి ఆ ప్రాంతం గరియాబంద్ జిల్లాలో ఉంది. ఈ శిలల వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. మన అనంతపురం వజ్రకరూరు శిలలది సుమారు 110 కోట్ల ఏళ్లు. మైన్‌పూర్ ప్రాంతంలో దొంగ తవ్వకాలు, అక్రమ రవాణా కేసులు ఎన్నో నమోదయ్యాయి. 2003లో అమల్లోకి వచ్చిన కింబర్లీ విధానం ప్రకారం దేశాలు దాటే ముడివజ్రాల ప్రతి పెట్టెకూ ధ్రువపత్రం ఉండాలి. దొంగచాటుగా తవ్విన రాయికి ఏ పత్రమూ ఉండదు. దాన్ని తవ్వినవాడికి కొనేవాడు చెప్పిందే బరువు, చెప్పిందే ధర.

కనుక విద్యార్థులారా, పరీక్ష అనేది నగల దుకాణానికే చెందిన విషయం కాదు. తూచేవాడు, అమ్మేవాడు ఒక్కరే అయితే మోసానికి తావుంటుంది. ఇద్దరినీ వేరు చేయడానికి మనుషులకు సుమారు పద్నాలుగు వందల ఏళ్లు పట్టింది. ఆ వేరు గని దగ్గర నిలబడ్డ మనిషిదాకా ఇంకా చేరవలసి ఉంది.