తాత పత్తి, మనుమరాలి స్లాటు

నవంబరు 2025. పొద్దున ఏడవుతోంది. జమ్మికుంట దగ్గర జిన్నింగు మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, బొలేరోలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. మీరు ఆ వరుస వెంట నడుస్తున్నారు. గాలిలో పత్తి గింజ వాసన. నూగు కనురెప్పల మీద వాలుతుంటే తుడుచుకుంటూ పోతున్నారు.

ఒక బొలేరో దగ్గర ఆగుతారు. లోడు మీద, తాటిపత్రి అంచు పట్టుకుని, నెత్తికి తువాల చుట్టుకున్న ముసలాయన. కింద కాలేజీ యూనిఫాంలో మనుమరాలు. ఇంటర్ చదువుతోంది. ఆ పిల్ల బాపు దుబాయిలో ఉంటాడు, అమ్మ చేనులో రెండో ఏరుడికి కూలీల వెంట ఉంది. మిల్లుకు వచ్చింది వీళ్ళిద్దరే.

"నీకు స్లాటెట్ల దొరికిందే తాతా?" పక్క ట్రాక్టరాయన అడుగుతాడు.

"నాకేమెర్క? మా బిడ్డ చేసింది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి.

ఈసారి ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలి. పాసుబుక్కు తాత పేరు మీదుంది, నంబరూ తాతదే. ఓటీపీ ఆయన డబ్బా ఫోనుకు వస్తుంది, యాప్ మనుమరాలి ఫోనులో ఉంటుంది. మొన్న రాత్రి ఇద్దరూ గడపలో పక్కపక్కన కూచున్నారట. ఆయన ఫోను ఎత్తి పట్టుకుంటే ఆమె అంకెలు చూసి కొట్టింది.

భయమంతా తేమ గురించే. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటింది. ఆ వాన ఇక్కడిదాకా వచ్చి, పగిలి తెల్లగా విచ్చుకున్న కాయల మీద పడింది. తర్వాత ఎండ వచ్చిన ప్రతి పూటా డాబా మీద పత్తి పరచడం, మబ్బు కమ్మితే ఎత్తడం. పగలు తాత ఎత్తితే సాయంత్రం ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి ఎత్తేది.

తాత లోడులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. దూది ఒలిచి, గింజను పక్క పళ్ళ మధ్య పెట్టి కొరుకుతాడు. టక్కుమంటుంది. ఇంకోటి మనుమరాలి చేతిలో పెడతాడు.

"నువ్ గూడ కొరుకు."

ఆమె కొరుకుతుంది. "టక్కుమన్నది తాతా."

"అయితె పన్నెండు దాటది."

ఎనిమిది శాతం తేమ ఉంటే క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం, అంటే దాదాపు 81 రూపాయలు తగ్గుతుంది. పన్నెండు దాటితే కొనరు. ఈ లెక్క తాతకు ఆమె నిన్నటి నుంచి ఎన్నిసార్లు చెప్పిందో! ఒక్కసారీ విసుక్కోలేదు.

లోపల సీసీఐ సారు తేమ మీటరు ముల్లు పత్తిలోకి దింపుతాడు. తాత మీటరు వంక చూడడు, మనుమరాలి మొహమే చూస్తుంటాడు. మొదటి చోట పదకొండు. రెండో చోట పన్నెండున్నర. ఆ పిల్ల పెదవి బిగుసుకోవడం ఆయనకు కనబడింది. రెండు చేతులూ జోడించబోతాడు. దండం ఇంకా పూర్తికాకముందే ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, ఊరికే పట్టుకున్నట్టుగా కిందికి దించి, తన పక్కనే ఉంచుకుంటుంది.

"సార్, మంచు వడ్డది, గది అంచుకున్న పత్తి. నడుమ పెట్టి చూడుండ్రి."

గొంతు వణకలేదు. సారు నడుమ రెండు చోట్ల పెడతాడు. పదకొండు, పదకొండు. పదకొండుకే రాస్తాడు.

తాతా మనుమరాళ్ళ ముచ్చట అనగానే మనం కథలు, గోరుముద్దలు తలుచుకుంటాం. నాకు మాత్రం ఆ మణికట్టు పట్టుకున్న చెయ్యే అంతకంటే పెద్దది. తన తాత ఎవరి ముందూ చేతులు జోడించకూడదని ఆ పిల్ల పట్టుదల.

నిండు బండి కాంటా, పత్తి దింపాక ఖాళీ బండి కాంటా. పదమూడు క్వింటాళ్ళ నలభై కిలోలు. ఆమె చీటీ చదువుతుంది: 7,866 రూపాయల 70 పైసల చొప్పున లక్షా ఐదు వేల నాలుగు వందల పైచిలుకు.

"మల్లొక్కసారి చదువు."

చదువుతుంది. పైసలు బ్యాంకు ఖాతాలో పడతాయని చెబుతుంది. ఆయన ఈలోపు తువాల విప్పి ఆమె జడలో, భుజాల మీద అంటుకున్న నూగు ఒక్కొక్కటే దులుపుతున్నాడు. కాలేజీలో తోటి పిల్లలు ఏమైనా అంటారేమోనని. బ్యాగు పట్టీ కింది నూగు కూడా వదలడు.

"పైసలు పడంగనే ముందుగాల నీ ఫీజు కడుదం."

"కాదు తాతా, ముందు మందుల దుకాణం బాకీ. మిత్తి పెరుగుతది."

"పెరగనీ."

"పెరగనీ అంటవేందే?"

"దుకాణపాయనకు నేను చెప్పుకుంట. కాలేజీల నువ్వేం చెప్పుకుంటవ్?"

ఆమె ఏదో అనబోతుంది. డ్రైవరు హారను కొడతాడు. బండి బయటికి తియ్యాలి, వెనక వరుస ఇంకా రోడ్డు దాకా ఉంది.