భవాయి
భవాయి గుజరాత్‌కు చెందిన జానపద వీధి నాటకం. అంబామాత ఆరాధనతో ముడిపడిన ఈ కళకు సూరత్ ఉన్న దక్షిణ ప్రాంతం కన్నా ఉత్తర గుజరాత్, సౌరాష్ట్రలలో ఆదరణ ఎక్కువ.

పుట్టుక: 14వ శతాబ్దానికి చెందిన అసాయిత్ ఠాకర్ దీనికి ఆద్యుడు. ఊంఝా పటేలు హేమాళా కుమార్తె గంగను ఒక సేనాని చెర నుంచి విడిపించడానికి, ఆమె తన కూతురేనని చెప్పి కలిసి భోంచేశాడని, అందుకు తోటి బ్రాహ్మణులు వెలివేయగా ఆటపాటలే జీవనాధారం చేసుకున్నాడని ఐతిహ్యం. భవాయి ఆడే తర్గాళా కళాకారులు ఆయన సంతతిగా చెప్పుకుంటారు.

ప్రదర్శన: దసరా నవరాత్రుల్లో గుడి ముందు ఆరుబయట, ‘చాచర్’ అనే స్థలంలో, కాగడాల వెలుగున రాత్రంతా ఆడేవారు. ఊరివారు చుట్టూ కూర్చునేవారు. మేళం పోషణభారం ఊరిదే. ‘భూంగళ్’ అనే పొడవాటి రాగి బాకాలు ఆట మొదలైందని చాటుతాయి. మొదట గణపతి వేషం వస్తుంది. సూత్రధారుడు నాయక్, హాస్యగాడు రంగలో. స్త్రీ పాత్రలూ సంప్రదాయంగా మగవారివే.

కథలు: ఒక్కో ఘట్టాన్ని ‘వేష్’ అంటారు. అసాయిత్ 360 వేషాలు రాశాడని ప్రతీతి. ‘జస్మా ఓడణ్’ ప్రసిద్ధం. భక్తితో మొదలైనా సామాజిక వ్యంగ్యానిదే పైచేయి.

ఇవీ చూడండి: కూచిపూడి భాగవతం, యక్షగానం.