ఆగిన ఫ్యాక్టరీ ఊరుకోదు

రసాయన కర్మాగారం నడిచేటప్పుడే భయం, గేటుకు తాళం పడితే నిశ్చింత అనుకుంటాం. చరిత్ర చూస్తే ఈ లెక్క తిరగబడుతుంది. విషవాయువు అనగానే మనకు గుర్తొచ్చే రెండు దుర్ఘటనలూ ఉత్పత్తి ఆగి ఉన్నప్పుడు జరిగినవే. భోపాల్ యూనియన్ కార్బైడ్‌లో మిథైల్ ఐసోసయనేట్ తయారీ 1984 అక్టోబరులోనే ఆగింది. అయినా 610వ నంబరు ట్యాంకులో 40 టన్నుల దాకా సరుకు మిగిలింది. సున్నా డిగ్రీల దగ్గర ఉంచవలసిన ద్రవమది. దాన్ని చల్లబరిచే యంత్రాన్ని చాలా ముందే ఆపేశారు. తప్పించుకున్న వాయువును కాల్చేయవలసిన ఫ్లేర్ టవర్ గొట్టం మరమ్మతు కోసం ఊడదీసి ఉంది. డిసెంబరు 2 రాత్రి ట్యాంకులోకి నీళ్లు చేరేసరికి అడ్డుకోవడానికి ఏదీ సిద్ధంగా లేదు.

విశాఖపట్నం కథ ఇంకా సూటిగా ఉంటుంది. గోపాలపట్నం దగ్గర 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన ఫ్యాక్టరీ 1997లో ఎల్‌జీ చేతికొచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగింది, ఎం-6 ట్యాంకులో స్టైరీన్ మాత్రం ఉండిపోయింది. స్టైరీన్‌కు ఒక గుణముంది. ఎవరూ ముట్టుకోకపోయినా అణువులు తమంతట తామే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అతుకులోంచి వేడి పుడుతుంది, వేడికి అతుకు మరింత జోరందుకుంటుంది. దీన్ని అదుపులో పెట్టడానికి టీబీసీ అనే రసాయనం కొద్దిగా కలుపుతారు, ద్రవాన్ని చల్లగా ఉంచుతారు, అడుగూ పైనా కలిసేలా తిప్పుతూ ఉంటారు. అక్కడ ఈ మూడూ తప్పాయి. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేసేవారు. వేడిని కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది. పైపొర కాగుతున్నా, రిజిస్టరులో అడుగు చల్లదనమే నమోదయ్యింది. మే 7 తెల్లవారుజామున గాలికన్నా బరువైన ఆవిరి నేలబారుగా ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకింది. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు.

ఇది నిర్వహణ లోపం, ప్లాంటు ఆగడానికీ దీనికీ సంబంధమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. ప్లాంటు నడుస్తుంటే ట్యాంకులోని సరుకు రియాక్టరులోకి పోతూ ఉంటుంది, ఓడ నుంచి కొత్త సరుకు వస్తూ ఉంటుంది. ఈ రాకపోకలే సగం లోపాన్ని కప్పేస్తాయి. ఆగితే అదే సరుకు వారాల తరబడి కదలకుండా కూర్చుంటుంది, టీబీసీ తరుగుతుంది, తప్పుకు పండే సమయం దొరుకుతుంది. పైగా రాబడి లేని రోజుల్లో చలవయంత్రం కరెంటు బిల్లు దండగ ఖర్చులా కనిపిస్తుంది. భోపాల్‌లోనూ పొదుపు కత్తెర ముందు పడింది ఇలాంటి వాటి మీదే.

లాక్‌డౌన్ హఠాత్తుగా వచ్చిందనే వాదన కూడా ఉంది. అది కొంతవరకే నిజం. 2020 మార్చి 24 నాటి కేంద్ర ఉత్తర్వే, నిరంతరం నడవవలసిన పరిశ్రమలు రాష్ట్ర అనుమతితో పనిచేసుకోవచ్చంది. ఆపడం ఒక విద్య అన్న సంగతి విశాఖకు కొత్త కూడా కాదు. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరది. కోక్ ఓవెన్ల సిలికా ఇటుకలు చల్లారితే పగుళ్లిస్తాయి కాబట్టి గిరాకీ ఉన్నా లేకున్నా వాటిని వేడిగానే ఉంచుతారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను కొన్నాళ్లు నిలపాలంటే ముందుగా అదనపు కోక్ నింపి, గాలి పోయే ట్వియర్లను మట్టితో మూస్తారు. అక్కడ ఆపడం కూడా షిఫ్టు వేసి, మనుషుల్ని పెట్టి చేసే పని. ఇనుము గడ్డకడితే కోట్లు పోతాయని యాజమాన్యానికి తెలుసు గనుక ఆ జాగ్రత్త. స్టైరీన్ కాగితే నష్టం గోడ అవతలివాళ్లకు.

తిరిగి మొదలుపెట్టడంలోనూ గండం లేకపోలేదు. 2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో ఒక యూనిట్‌ను పునఃప్రారంభిస్తుండగానే పేలుడు జరిగి 15 మంది పోయారు. అందుకే కాబోలు, విశాఖ ఘటన తర్వాత రెండు రోజులకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, పునఃప్రారంభంలో మొదటి వారాన్ని ట్రయల్‌గానే చూడమన్నాయి. మంచి సలహానే. కానీ ఎం-6లో వేడి పుట్టింది ఫ్యాక్టరీ తెరిచే రోజున కాదు, మూసి ఉంచిన వారాల్లో.