అంధులకు అందిన అక్షరము
(ఉపవాహక తరంగముల చరిత్ర)

గోదావరి ఆనకట్టనుండి బయలుదేరు పెద్దకాలువను గట్టుమీద నిలిచి చూచువానికి, ఆ నీటితో ఎన్ని మళ్ళు తడియుచున్నవో తెలియదు. తూములనుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి బోదెలు విడివడి, బాటసారి కంటికి కానరాని పొలములకు సైతము నీరు చేర్చుచుండును. రేడియో కేంద్రమునుండి వెలువడు తరంగమునకును ఇట్టి పిల్లకాలువలు కలవు. సామాన్య శ్రోత తన యింట పాటలో వార్తలో వినుచుండగా, అదే తరంగముపై, అతని చెవికి సోకకుండ, వేరొక కార్యక్రమము మరికొందరి యిండ్లకు చేరుచుండవచ్చును. సబ్‌కారియర్ అనబడు ఈ పిల్ల తరంగమునకు ఉపవాహక తరంగమని పేరు పెట్టవచ్చును. ఇది అమెరికాలో పుట్టినది. మొదట అంగళ్ళలో సంగీతము వినిపించి డబ్బు సంపాదించినది. పిమ్మట చూపులేనివారికి పుస్తకము చదివి వినిపించినది. ఆ మార్పు ఎట్లు సంభవించెనో తెలిసికొనదగియున్నది.

ముందుగా దీని పనితీరు కొంత తెలియవలెను. ఎఫ్.ఎం. పద్ధతిలో తరంగము యొక్క ఎత్తు మారదు. ధ్వని ననుసరించి దాని పౌనఃపున్యము మాత్రమే మారుచుండును. మానవుని చెవి సెకనుకు సుమారు 20 వేల ఆవృత్తుల వరకే వినగలదు. ఎఫ్.ఎం. కేంద్రము ప్రధాన కార్యక్రమమునకు 15 వేల వరకు వాడుకొనును. అంతకంటె పైనున్న భాగము చెవికి అందదు గాని, తరంగము దానిని మోయగలదు. కనుక సెకనుకు 67 వేల ఆవృత్తులుగల ఒక చిన్న తరంగమును పుట్టించి, దానిపై రెండవ కార్యక్రమమును ఎక్కించి, రెంటిని కలిపి ఒకే ప్రసారిణినుండి పంపవచ్చును. మామూలు రేడియో ఈ పై భాగమును విడిచివేయును. ప్రత్యేకముగా తయారైన రేడియో దానిని విడదీసి వినిపించును. పౌనఃపున్యమున కలుగు మొత్తము మార్పులో ఈ పిల్ల తరంగమునకు దక్కునది సుమారు పదవవంతు మాత్రమే. అందుచేత సంగీతమునకు అవసరమైన నిండుదనము ఇందులో రాదు. మాట మాత్రము స్పష్టముగా వినబడును.

ఒకే తరంగముపై అనేక వార్తలు పంపవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపినవాడు ఎఫ్.ఎం. పద్ధతికి కర్తయైన ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. కొలంబియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన ఈయనకు 1933 డిసెంబరు 26వ తేదీన ఎఫ్.ఎం.పై పేటెంటులు లభించెను. మరుసటి సంవత్సరము న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనము పైనుండి, ఒకే తరంగముపై రెండు రేడియో కార్యక్రమములను, వార్తాపత్రిక పుట యొక్క ప్రతిరూపమును, తంతి వార్తను ఏకకాలమున పంపి చూపెను. ఇరువది సంవత్సరముల పిమ్మట ప్రపంచము వాడుకొనబోవు సాధనము నాడే సిద్ధమై యుండెను.

కాని శాస్త్రము సిద్ధమైనంత మాత్రమున లోకము సిద్ధము కాదు. 1945లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఎఫ్.ఎం.కు కేటాయించిన స్థానమును 42–50 మెగాహెర్ట్జ్ నుండి 88–108 మెగాహెర్ట్జ్‌కు మార్చెను. ప్రజల యిండ్లలోనున్న పాత ఎఫ్.ఎం. రేడియోలన్నియు నిరుపయోగములయ్యెను. పేటెంటు హక్కులకై ఆర్మ్‌స్ట్రాంగ్ 1948లో ఆర్.సి.ఎ. కంపెనీపై వ్యాజ్యము వేసెను. అది ఏండ్ల తరబడి సాగి ఆయన ధనమును, ఆరోగ్యమును హరించెను. ఆ కష్టముల నడుమనే 1953లో తన సహచరుడు జాన్ బోస్‌తో కూడి బహుళ ప్రసార పద్ధతిని మెరుగుపరచి ప్రకటించెను. 1954 జనవరి 31వ తేదీన ఆయన తన చేతులతోనే ప్రాణములు తీసికొనెను. ఆయన భార్య మేరియన్ వ్యాజ్యములను విడువక నడపి, 1967లో చివరి దానిని సైతము గెలిచెను.

ఆర్మ్‌స్ట్రాంగ్ కన్నుమూసిన మరుసటి యేడు, అనగా 1955లో, ఉపవాహక తరంగములను వాడుకొనుటకు కమిషన్ అనుమతి నిచ్చెను. ఇందుకు కారణము విద్యాభిమానమును కాదు, దయాగుణమును కాదు. ఆనాడు ఎఫ్.ఎం. కేంద్రములు దారిద్ర్యములో నుండెను. శ్రోతలు తక్కువ, ప్రకటనలు మరింత తక్కువ, జనులందరి చూపు టెలివిజన్‌పై నుండెను. ఆ కేంద్రములు మూతబడకుండ నిలుచుటకు ప్రక్క ఆదాయము కావలసి యుండెను. అంగళ్ళలోను, కార్యాలయములలోను, భోజనశాలలలోను రోజంతయు మంద్రముగా వినిపించు సంగీతమునకు అప్పటికే గిరాకి యుండెను. మ్యూజాక్ అను కంపెనీ 1930–40 ప్రాంతముననే తీగల ద్వారా అట్టి సంగీతమును చందాదారులకు అందించుచుండెను. తీగకు బదులు తరంగము దొరికినచో ఖర్చు తగ్గును.

కొన్ని కేంద్రములు ఇంకొక తేలిక మార్గమును అవలంబించి యుండెను. తమ ప్రధాన కార్యక్రమమునే అంగళ్ళకు అమ్మి, వ్యాఖ్యాత మాటలాడునపుడు మాత్రము చెవికందని సంకేతము నొకదానిని పంపి, అంగడిలోని రేడియో ఆ మాటలను మ్రింగివేయునట్లు ఏర్పాటు చేసిరి. ఇంటివద్ద వినువాడు అంగడివారి అభిరుచికి తగిన సంగీతమునే వినవలసి వచ్చెను. ఈ పద్ధతిని మాన్పి, అంగడి సంగీతము ఉపవాహక తరంగముపైననే పోవలెనని కమిషన్ నిర్బంధింపగా, ఫంక్షనల్ మ్యూజిక్ అను కంపెనీ న్యాయస్థానమున కెక్కెను. 1958లో తీర్పు కంపెనీ పక్షముననే వచ్చెను. అయినను ఉపవాహక తరంగమునకు గల సౌకర్యము క్రమముగా దానినే నిలబెట్టెను. 1961లో స్టీరియో ప్రసారములు ఆరంభమై 53 వేల ఆవృత్తుల వరకు గల చోటును ఆక్రమించుకొనగా, ఉపవాహక సేవకు 67 వేల స్థానము స్థిరపడెను.

ఇందులో నొక వింత కలదు. సంగీతమునకు చాలని ఇరుకు దారిలో సంగీతము నడచుచుండెను. మాటకు తగిన దారి మాటకై ఎదురుచూచుచుండెను.

ఆ మాట ఎవరికి కావలసియుండెను? చూపులేనివారికి. అమెరికాలో అంధుల గ్రంథాలయ సేవకు 1931లో చట్టము వచ్చెను. 1934నుండి చదివి రికార్డు చేసిన పుస్తకములు గ్రామఫోను పలకలపై తపాలా ద్వారా వారికి అందుచుండెను. ఇది గొప్ప మేలే. అయినను పుస్తకము ఆలస్యముగా వచ్చినను పుస్తకమే. వార్తాపత్రిక ఆలస్యమైనచో చిత్తు కాగితము. ఊరిలో ఎవరు కన్నుమూసిరి, ఏ అంగడిలో ఏ సరకు చౌక, నగరసభలో ఏ పన్ను పెంచిరి అను విషయములను మామూలు రేడియో చెప్పదు. గ్రామఫోను పలక అంతకంటెను చెప్పదు. అంధుడు ఇంటిలో మరియొకరి తీరికకై వేచియుండవలెను. చదువువాడు ఏది చదువునో అదియే అతనికి లోకము. పత్రికలో తనకు నచ్చిన పుట త్రిప్పుకొను స్వాతంత్ర్యము చిన్నదిగా తోచవచ్చును. అది లేనివానికే దాని విలువ తెలియును.

ఈ లోటును తీర్చుటకు పూనుకొనినవారు మిన్నెసోటా రాష్ట్రములోని ప్రభుత్వోద్యోగులు. ఆ రాష్ట్ర అంధ సేవా విభాగమునకు చెందిన సి. స్టాన్లీ పాటర్, రాబర్ట్ వాట్సన్ అను నిరువురు కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన కె.ఎస్.జె.ఆర్. ఎఫ్.ఎం. కేంద్రముపై ఉపవాహక తరంగమును సంపాదించిరి. 1969 జనవరి 2వ తేదీన రేడియో టాకింగ్ బుక్ అను పేర ప్రసారము ఆరంభమయ్యెను. ఉపవాహక కార్యక్రమము నొక్కదానినే వినిపించు రేడియోలను అంధుల యిండ్లకు ఎరవుగా నిచ్చిరి. స్వచ్ఛంద సేవకులు వచ్చి పత్రికలను, పుస్తకములను చదువుచుండిరి. అంగడి సంగీతమునకై తెరచిన తూమునుండి అక్షరము పారజొచ్చెను.

ఈ ఉదాహరణము త్వరలోనే వ్యాపించెను. 1971లో కాన్సస్ విశ్వవిద్యాలయమున ఆడియో రీడర్ అను సేవ పుట్టెను. రాజధానీ నగరమైన వాషింగ్టన్‌లో, తానును చూపు కోల్పోయిన మార్గరెట్ రాక్‌వెల్ అను మహిళ 1974లో వాషింగ్టన్ ఇయర్ అను సంస్థను నెలకొల్పెను. 1977 నాటికి ఇట్టి సేవలన్నియు కలిసి ఒక సంఘముగా ఏర్పడెను. చూపులేనివారికే గాక, పక్షవాతాదులచే పుస్తకమును చేత పట్టజాలనివారికిని ఈ సేవలు అందెను. వీరు చదివినవి గొప్ప గ్రంథములు మాత్రమే కావు. స్థానిక పత్రికలోని మరణవార్తలను, సరకుల ధరల ప్రకటనలను సైతము శ్రద్ధతో చదివిరి. పొరుగువారికి తెలిసినది తనకును తెలిసెనను తృప్తి ఆ ధరల పట్టికలో నుండెను.

ఇంతలో నొక ధర్మసందేహము వచ్చెను. గ్రంథకర్త వ్రాసిన పుస్తకమును ఆయన అనుమతి లేక రేడియోలో చదువవచ్చునా? చదువుట వలన అమ్మకము తగ్గినచో నష్టమెవరిది? అమెరికా 1976లో చేసిన నూతన గ్రంథస్వామ్య చట్టము దీనికి సమాధానము చెప్పెను. నాటకములు కాని సాహిత్య రచనలను, లాభాపేక్ష లేకుండ, ముఖ్యముగా అంధులకును, అచ్చుపుస్తకము చదువజాలని ఇతర వికలాంగులకును ఉద్దేశించి ప్రసారము చేసినచో అది హక్కుల ఉల్లంఘనము కాదని అందు విధించిరి. అట్టి ప్రసారమునకు తగిన మార్గములలో ఒకటిగా రేడియో ఉపవాహకమును పేర్కొనిరి. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ప్రత్యేకమైన రేడియో లేనిదే వినబడకుండుట ఈ సేవకు మొదటినుండియు గల లోపము. రేడియో దొరకనివారికి, ఇట్టి సేవ కలదని ఎరుగనివారికి ఇది అందలేదు. కొండలును ఎత్తైన భవనములును గలచోట ప్రధాన కార్యక్రమపు గుసగుసలు ఇందులో కలిసిపోవుచుండెను. అయినను ఆ లోపమే ఇచ్చట రక్షణమయ్యెను. వినవలసినవారు మాత్రమే వినుదురు గనుక గ్రంథకర్తకు శంకింప కారణము తక్కువ.

ధనమునకును ధర్మమునకును గల పోటీ అంతటితో తీరలేదు. 1983లో కమిషన్ నిబంధనలను సడలించి, 99 వేల ఆవృత్తుల వరకు చోటు విస్తరింపజేసి, ఉపవాహకములను పలు విధములైన వ్యాపారములకు వాడుకొనవచ్చుననెను. అంతవరకు విద్యాసేవకే పరిమితములైన లాభరహిత కేంద్రములును వీనిపై ఆదాయము పొందవచ్చునని తెలిపెను. అంధులకై చదువు సేవలకు స్థానము దక్కదను భయము సహజముగా కలిగెను. అట్లు ఆదాయము పొందు లాభరహిత కేంద్రములు చదువు సేవలకును చోటు చూపవలెనను షరతును కమిషన్ దానికి చేర్చెను. లాభము వచ్చుచోట బలహీనుని వాటా వ్రాతపూర్వకముగా నుండవలెనను నీతిని ఈ షరతు గుర్తించినది.

చోటు పెరిగిన పిదప సంఖ్యలో చిన్నవైన భాషలకును గొంతు లభించెను. న్యూయార్కు నగరములో హైతీ దేశీయులు, చైనీయులు తమ తమ భాషలలో ఉపవాహకములపై కార్యక్రమములు నడపిరి. మహానగరమున ప్రధాన తరంగమును కొనజాలని ప్రవాసులకు పిల్ల తరంగమే ఊరి రచ్చబండ అయ్యెను. స్వస్థలము విడచి దూరనగరములలో కొలువు చేయు తెలుగు కుటుంబములకు ఇందలి ఆనందము వేరుగా చెప్పనక్కరలేదు. ఐరోపాలో 1974నుండి జర్మనీ కేంద్రములు 57 వేల ఆవృత్తుల ఉపవాహకముపై వాహన చోదకులకు సంకేతములు పంపెను. అదే స్థానమున 1984లో రేడియో డేటా సిస్టం అను పద్ధతి రూపొందెను. కారులోని రేడియోపై కేంద్రము పేరు అక్షరములలో కనబడుట దాని ఫలమే. 2004లో మైక్రోసాఫ్ట్ కంపెనీ చేతి గడియారములకు వార్తలు, వాతావరణ సమాచారము ఈ మార్గముననే పంపెను. 2011 అంతముతో ఆ సేవ ముగిసెను. గడియారపు సేవ ఎనిమిదేండ్లైనను నిండకమునుపే ఆగిపోగా, మిన్నెసోటాలో ఇరువురుద్యోగులు నాటినది దశాబ్దముల తరబడి పెరిగెను.

మన దేశమున ఆకాశవాణి 1977 జూలై 23వ తేదీన మదరాసులో ఎఫ్.ఎం. ప్రసారములు ఆరంభించెను. అంధ పాఠకుల హక్కు ఇచ్చట వేరొక మార్గమున వచ్చినది. 2012లో గ్రంథస్వామ్య చట్టమును సవరించి, వికలాంగులు చదువుటకు వీలైన రూపములలో గ్రంథములను లాభాపేక్ష లేక తయారుచేసి అందించుటకు భారతదేశము అవకాశము కల్పించెను. 2013లో మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో ప్రపంచ దేశములన్నిటికంటె ముందు ధ్రువీకరించినది మన దేశమే. సాధనములు వేరైనను, అచ్చు చదువలేనివానికిని పుస్తకముపై హక్కు కలదను సూత్రము ఒకటియే.

ఇప్పుడు అనేక చదువు సేవలు అంతర్జాలమునకు, టెలిఫోనునకు తరలినవి. ప్రత్యేక రేడియో అవసరము తగ్గుచున్నది. యంత్రములే పుటలను చదివి వినిపించు కాలము వచ్చినది. కాని ఉపవాహక తరంగపు చరిత్ర యంత్రముల చరిత్ర మాత్రమే కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దారి చూపెను, వ్యాపారులు దానిని బ్రతికించిరి, చట్టము కాపాడెను. అయినను దినదినము వచ్చి, తన గొంతును మరియొకరి కన్నులుగా చేసినవాడు పేరెరుగని స్వచ్ఛంద సేవకుడు. తెలుగు పత్రికను, తెలుగు కథను స్పష్టముగా చదువగలవారు ప్రతి కార్యాలయములోను, ప్రతి కుటుంబములోను కలరు. వారానికొక గంట ఆ గొంతును చూపులేని తెలుగు పాఠకునికై వెచ్చించుటకు తరంగమును అక్కరలేదు, అనుమతియు అక్కరలేదు.