ముఖం కోసం పుట్టిన లెన్స్: వియన్నా నుంచి క్రస్నోగోర్స్క్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత లెన్స్ కథ చెప్పుకుందాం. దాని పేరు హీలియోస్ 44-2. సోవియట్ రష్యా సరుకు. ఆటోఫోకస్ లేదు, చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. ఈ మధ్య పోర్ట్రెయిట్లు తీసే కుర్రాళ్ళు చాలామంది దీన్ని వెతికి కొనుక్కుని, అడాప్టర్ పెట్టి కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకి తగిలించుకుంటున్నారు. ఎందుకంటే, దీంతో తీస్తే మనిషి వెనకాల ఉన్న చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. మధ్యలో ముఖం మాత్రం నిశ్చలంగా ఉంటుంది.

ఆ సుడి గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. పాతకాలం గాజులో ఏదో మాయ ఉందని కొందరు అంటారు. నాసిరకం సరుకు కాబట్టి అలా వస్తుందని ఇంకొందరు అంటారు. చరిత్ర చూస్తే ఈ రెండూ నిలవవు. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క మొదలై 180 ఏళ్ళు దాటింది. అదేంటో తెలిస్తే ఈ లెన్స్‌తో ముఖాన్ని ఎలా తీయాలో కూడా తెలుస్తుంది. కాబట్టి ముందు చరిత్ర, తర్వాత వాడకం.

1839కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టు 19న పారిస్‌లో డాగేర్ కనిపెట్టిన పద్ధతిని అందరి ముందూ వివరించారు. వెండి పూత ఉన్న రాగిరేకు మీద బొమ్మ పట్టే పద్ధతి అది. ఊరంతా అబ్బురపడింది. కానీ ఒక పెద్ద చిక్కు. మంచి ఎండలో కూడా నిమిషాల తరబడి లెన్స్ తెరిచి ఉంచాలి. అంతకు ముందు ఏడాది, 1838లో, డాగేర్ పారిస్‌లోని ఒక వీధిని తీశాడు. బండ్లూ జనమూ తిరిగే వీధి అది. ఫోటోలో మాత్రం దాదాపు ఖాళీగా ఉంటుంది. కదిలిన వాళ్ళెవరూ రేకు మీద పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. అంటే చూడండి, ఫోటోగ్రఫీ పుట్టింది గానీ దాంట్లో మనుషులకి చోటు లేదు. భవనాలు, విగ్రహాలు, బల్ల మీద పెట్టిన వస్తువులు, ఇవే దానికి నప్పేవి.

జనానికి కావలసింది మాత్రం ముఖాలే. తల్లి ముఖం, బిడ్డ ముఖం, తన ముఖం. అప్పటిదాకా చిత్రకారుడికి డబ్బిచ్చుకోగల వాళ్ళకే ఆ భాగ్యం. ఇప్పుడు అది అందరికీ అందేలా ఉంది, వెలుతురు ఒక్కటే చాలడం లేదు. డాగేర్ కెమెరాకి పెట్టిన లెన్స్‌ని నేటి లెక్కలో చెప్తే ఎఫ్/15 అటూ ఇటూ. చాలా చిన్న కిటికీ అన్నమాట. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ వోల్కాట్ అనే ఆయన అసలు లెన్సే వద్దనుకుని పుటాకార అద్దంతో కెమెరా కట్టి, 1840లో పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టేశాడు. బొమ్మ పడింది గానీ మరీ బుల్లిగా వచ్చేది.

వియన్నాలో ఇంకో దారి తెరుచుకుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అని గణితం ప్రొఫెసర్ ఉండేవాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ వయసు. పుట్టింది నేటి స్లొవాకియాలో ఉన్న ఊళ్ళో. ఫోటోగ్రాఫర్ కాదు, లెన్సులు అరగదీసే పనివాడు కూడా కాదు. పారిస్ నుంచి వచ్చిన తోటి ప్రొఫెసర్ ఎటింగ్స్‌హౌసెన్ ఈ చిక్కు గురించి చెప్పడంతో లెక్కలు వేయడానికి కూర్చున్నాడు. అప్పటిదాకా లెన్స్ చేయడమంటే ఎక్కువగా చేతి అనుభవమే. అరగదీయడం, చూడడం, మళ్ళీ అరగదీయడం. పెట్జ్‌వాల్ ముందు కాగితం మీద కిరణాల దారి అంతా లెక్కగట్టాడు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆస్ట్రియా ఫిరంగి దళంలో గుండు ఎక్కడ పడుతుందో లెక్కలు కట్టే సైనికులు ఉండేవారు. ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ ఆ మనుషుల్లో కొందరిని ఆయనకి సాయంగా ఇచ్చాడు. ఫిరంగుల కోసం నేర్చుకున్న లెక్క మనిషి ముఖం కోసం పనికొచ్చిందన్నమాట.

1840లో ఫోక్ట్‌లెండర్ అనే తయారీదారు ఆ లెక్క ప్రకారం లెన్స్ చేశాడు. నాలుగు గాజు బిళ్ళలు, ముందు రెండు, వెనక రెండు. ఎఫ్/3.6. డాగేర్ లెన్స్ కంటే సుమారు 16 రెట్లు ఎక్కువ వెలుతురు. రేకు మీద పూసే రసాయనాలు కూడా అదే సమయంలో మెరుగుపడ్డాయి. రెండూ కలిసి నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. తలని వెనక నుంచి ఇనుప కొక్కేనికి ఆనించాల్సిన అవసరం ఇంకా ఉంది గానీ, మనిషి మనిషిలా కూర్చునే వీలు దొరికింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు పోర్ట్రెయిట్ స్టూడియో అంటే ఈ రకం లెన్సే.

ఇక్కడే అసలు విషయం ఉంది. అంత వెలుతురు ఊరికే రాలేదు. పెట్జ్‌వాల్ లెన్స్ మధ్యలో కత్తిలా స్పష్టంగా ఉంటుంది. అంచులకి వెళ్ళేకొద్దీ మసకబారుతుంది. అది ఏర్పరిచే బొమ్మ చదునైన రేకు మీద కాకుండా, గిన్నె లోపలి వైపులాగా వంపు తిరిగిన తలం మీద పడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. ఆ వంపుని లెక్కగట్టే సూత్రానికి ఈనాటికీ ఆయన పేరే ఉంది. ముఖం మధ్యలో ఉంటుంది, అంచుల్లో తెర గుడ్డో గోడో ఉంటుంది. అంచుల్ని వదులుకుంటే మధ్యకి వెలుతురు దక్కుతుంది. తెలిసి చేసిన బేరం అది. ఫోక్ట్‌లెండర్ ఆ లెన్స్‌తో అమ్మిన ఇత్తడి కెమెరా బొమ్మ కూడా గుండ్రంగానే వచ్చేది. మూలలంటూ ఉంటే కదా, మూలల్లో మసక కనిపించడానికి!

పెట్జ్‌వాల్‌కి ఈ బేరంలో దక్కింది తక్కువ. ఒకేసారి 2,000 గుల్డెన్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆస్ట్రియా బయట పేటెంట్ లేదు కాబట్టి మిగతా దేశాల వాళ్ళు స్వేచ్ఛగా నకలు చేసుకున్నారు. ఫోక్ట్‌లెండర్‌తో గొడవలొచ్చాయి, ఆ కంపెనీ 1849లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైక్‌లో ఫ్యాక్టరీ పెట్టుకుంది. ఆయన నమూనా మాత్రం బతికింది. తర్వాతి కాలంలో సినిమా ప్రొజెక్టర్ల లెన్సుల్లో కూడా చాలాకాలం అదే నడిచింది.

మసకని మొదట ఇష్టపడి వాడుకున్న వాళ్ళలో ఒకామె గురించి చెప్పాలి. జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. 48 ఏళ్ళ వయసులో, 1863లో, కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆమె మొదటి లెన్స్ ఫ్రాన్స్‌లో తయారైన పెట్జ్‌వాల్ రకానిది. అందరూ రింగు తిప్పి తిప్పి అంచు తెగేంత స్పష్టత దాకా వెళ్ళేవారు. ఈమె మాత్రం కంటికి ఎక్కడ అందంగా అనిపిస్తే అక్కడ ఆపేసేది. లండన్ ఫోటోగ్రఫీ పెద్దలు ఫోకస్ చేయడం రాదని వెక్కిరించారు. ఇవాళ ఆ పెద్దల పేర్లు ఎవరికీ గుర్తులేవు, ఆమె తీసిన ముఖాలు మ్యూజియాల్లో ఉన్నాయి. మాన్యువల్ ఫోకస్ అంటే ఇదే మరి. ఎక్కడ ఆపాలన్న నిర్ణయం యంత్రానిది కాదు, తీసే మనిషిది.

సరే, ఇప్పుడు హీలియోస్ దగ్గరికి వద్దాం. దాని పుట్టిల్లు రష్యా కాదు, జర్మనీలోని యేనా పట్టణం. అక్కడి కార్ల్ జైస్ కంపెనీలో 1896లో పాల్ రుడోల్ఫ్ ప్లానార్ అనే లెన్స్ చేశాడు. ముందూ వెనకా ఒకేలా ఉండే అమరిక. బొమ్మ చదునుగా వస్తుంది గానీ, గాలీ గాజూ కలిసే ఉపరితలాలు 8 ఉండేవి. ప్రతి ఉపరితలం దగ్గరా కొంత వెలుతురు వెనక్కి కొట్టుకుని బొమ్మ తెల్లబోయేది. ఆ వంశంలోనే విల్లీ మెర్టే బయోటార్ లెన్సులు రూపొందించాడు. 58 మి.మీ., ఎఫ్/2 బయోటార్ 1936లో వచ్చింది. డ్రెస్డెన్‌లో తయారయ్యే ఎక్సాక్టా లాంటి కొత్త తరం కెమెరాల కోసం చేసిందది. అదే కాలంలో, 1935లో, జైస్‌లోనే పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకులా గాజు మీద అతి పల్చటి పూత పూసి ఆ వృథా వెలుతురుని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. కొన్నాళ్ళు దాన్ని సైనిక రహస్యంగా దాచారు.

తర్వాత యుద్ధం. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం యేనాలోకి వచ్చింది. ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతం సోవియట్లకి అప్పగించాలి. అప్పగించే ముందు జైస్ నుంచీ, గాజు తయారుచేసే షాట్ నుంచీ కలిపి ఎనభై మందికి పైగా నిపుణుల్ని అమెరికన్లు తమ వైపుకి తీసుకుపోయారు. జూలైలో సోవియట్లు వచ్చారు. 1946 అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఇళ్ళ తలుపులు తట్టి, జైస్ నిపుణుల్నీ వాళ్ళ కుటుంబాల్నీ రైళ్ళెక్కించి సోవియట్ యూనియన్‌కి పంపారు. యంత్రాల్లో అత్యధిక భాగాన్ని విప్పి, పెట్టెల్లో పెట్టి తీసుకెళ్ళారు. వెళ్ళిన వాళ్ళలో చాలామంది కొన్నేళ్ళ తర్వాత గానీ తిరిగి రాలేదు.

మాస్కో దగ్గర క్రస్నోగోర్స్క్‌లో కెమెరా ఫ్యాక్టరీ ఉంది. బయోటార్ నమూనాని సోవియట్ గాజుకి తగ్గట్టు మళ్ళీ లెక్కగట్టారు. 1958లో స్టార్ట్ అనే కెమెరాతో పాటు హీలియోస్ 44 వచ్చింది. హీలియోస్ అంటే గ్రీకు సూర్యదేవుడు. తర్వాత జెనిత్ కెమెరాలతో కలిపి 44-2ని లక్షల్లో తయారుచేశారు. ఖరీదైన జర్మన్ నమూనా మామూలు ఉద్యోగి కొనుక్కునే వస్తువైంది. మన దేశంలోకీ జెనిత్ కెమెరాలు వచ్చాయి. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు మనలో చాలామందికి గుర్తే. ఆ రోజుల్లో ఫోటోలు తీసేవాళ్ళకి సోవియట్ అంటే ఆ బరువైన జెనిత్.

మరి సుడి ఎందుకొస్తుంది? ఇంట్లో రెండు గాజులు తీసుకోండి, చేతికి వేసుకునేవే. ఒకదాని వెనక ఒకటి కాస్త ఎడంగా పట్టుకుని నేరుగా చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది. పక్కకి వంచి చూస్తే రెండిటికీ ఉమ్మడి ఖాళీ బాదంపప్పు ఆకారంలోకి మారుతుంది. లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు అంచుల నుంచి వచ్చే వెలుతురుకి కూడా ఇదే జరుగుతుంది. ఆకుల మధ్య మెరిసే వెలుతురు చుక్కలు మధ్యలో గుండ్రంగా, అంచుల్లో బాదంపప్పుల్లా పడతాయి. ఆ బాదంపప్పులన్నీ కేంద్రం చుట్టూ వరసగా తిరిగి ఉంటాయి. దానికి తోడు అంచుల్లో మిగిలిన దృష్టిదోషాలు. అన్నీ కలిస్తే సుడి. వియన్నాలో చేసిన బేరమే ఇక్కడా జరిగింది. మధ్యకి వెలుతురు, అంచుల్లో కొంత త్యాగం.

ఇది తెలిస్తే వాడకం తేలిక. మొదటిది, ముఖాన్ని ఫ్రేమ్ మధ్యకి దగ్గరగా ఉంచండి. ఫ్రేమ్‌ని మూడు భాగాలు చేసి పక్క గీత మీద ముఖం పెట్టాలని అందరం నేర్చుకున్నాం. ఎఫ్/2 దగ్గర ఈ లెన్స్‌తో అలా పెడితే కళ్ళు మెత్తబడే చోటికి వెళ్ళిపోతాయి. పక్కకి కావాలనుకుంటే తర్వాత కత్తిరించుకోవచ్చు.

రెండోది దూరం. మనిషి మీకు ఒక మీటరు నుంచి రెండు మీటర్ల దూరంలో, వెనక చెట్లు ఇంకో నాలుగైదు మీటర్ల అవతల ఉంటే సుడి బాగా వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే మొత్తం కనిపిస్తుంది. చిన్న సెన్సర్ అంచుల్ని కోసేస్తుంది కాబట్టి సుడి తగ్గుతుంది.

మూడోది ఫోకస్. ఎఫ్/2లో, మీటరు దూరంలో, స్పష్టంగా ఉండే లోతు మూడు మూడున్నర సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి ఉండదు. కెమెరా మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేసే ఆప్షన్ ఆన్ చేసుకోండి. తెర మీద బొమ్మని పెద్దది చేసి, మీకు దగ్గరగా ఉన్న కంటి రెప్ప మీద ఫోకస్ పెట్టండి. ఆ తర్వాత రింగు వదిలేసి, మీరే ఒక వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊగుతూ క్లిక్ చేయండి. రెండు ఎపర్చర్ రింగులుంటాయి. ముందుదానితో ఎఫ్/4 లాంటి హద్దు పెట్టుకుని, రెండోదాన్ని తెరిచి ఫోకస్ చేసి, తీసేముందు మూసుకోవచ్చు. ఎఫ్/4 దగ్గర సుడి చాలావరకు పోయి చక్కటి మామూలు లెన్స్ అవుతుంది. ఎండకి ఎదురుగా తీస్తే బొమ్మ పాలిపోతుంది, అరచేయి అడ్డుపెట్టండి. కొనేముందు టార్చ్‌లైటు వేసి లోపల బూజు ఉందేమో చూడండి. మన కోస్తా తేమకి అది త్వరగా పడుతుంది.

చివరిగా ఒక మాట. 2013లో వియన్నాకి చెందిన లోమోగ్రఫీ కంపెనీ, పెట్జ్‌వాల్ నమూనాలో కొత్త ఇత్తడి లెన్స్ చేస్తామని జనం నుంచి డబ్బు సేకరించింది. దాదాపు 14 లక్షల డాలర్లు వచ్చాయి. దాన్ని తయారుచేసింది ఎవరనుకున్నారు? క్రస్నోగోర్స్క్‌లోని జెనిత్ ఫ్యాక్టరీ. 1840లో గుండ్రటి బొమ్మ వెనక దాచిన అంచుల కోసమే ఇప్పుడు జనం డబ్బు కడుతున్నారు. ఫోన్లు కూడా ఆ మసకని సాఫ్ట్‌వేర్‌తో గీసి పెడుతున్నాయి. కానీ పాత లెన్స్‌తో తీసేటప్పుడు ఫోన్ ఇవ్వనిది ఒకటి దొరుకుతుంది. ఫోకస్ కుదిరేదాకా ఎదుటి మనిషి కళ్ళలోకి మనం చూస్తూ ఉండాలి, వాళ్ళు కదలకుండా ఓపిక పట్టాలి. పెట్జ్‌వాల్ నిమిషాల నుంచి సెకన్లకి తెచ్చింది ఆ ఓపికనే. ఆ కొద్ది సెకన్లలో వాళ్ళతో మాట్లాడండి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే మొదటి ఫోటో వాళ్ళదే తీయండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో పాత లెన్స్ గురించి మాట్లాడుకుందాం. సెలవు.