లాల్‌బాగ్: పచ్చిక నడుమ పాత తోట

జహీరాబాద్ చరిత్ర రాయాలంటే బీదర్ ప్రస్తావన లేకుండా కుదరదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా మన తాలూకా బీదర్ జిల్లాలోదే. ఒక్క నిర్ణా సర్కిల్‌ను అటే ఉంచి మిగతాదంతా ఇటు కలిపారు. దాంతో దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని పాత జిల్లా కేంద్రం పరాయి రాష్ట్రమైంది. బీదర్ కోటలో సోలాఖంబా మసీదు ముందున్న లాల్‌బాగ్‌ను చూపించి ‘సుల్తానుల తోట’ అంటారు. ఆ మాట సగమే నిజం. నున్నగా కత్తిరించిన ఆ పచ్చిక సుల్తానులు ఎరిగినది కాదు, దొరల బంగళాల నుంచి వచ్చిన ముచ్చట. సుల్తానుల కాలానిది దాని నడుమ సాగే రాతి కాలువ, హౌజు.

చెట్టు సాక్ష్యం మిగల్చదు, రాయి మిగులుస్తుంది. 1423-24 నాటి మసీదు, రాణివాసం, షాహీ హమామ్ అన్నీ ఈ తోట చుట్టూనే ఉన్నాయి. వజూకు, స్నానానికి, చల్లదనానికి నీళ్లు కావలసిన చోట్లే అన్నీ. బీదర్ ఉన్నది ఎర్ర మొరం రాతి పీఠభూమి మీద. చేత్తో తడిమితే పుట్టమన్నులా చిల్లులు చిల్లులుగా తగిలే ఆ రాయి వానను పీల్చుకుంటుంది. కింది నల్లరాయి ఆ నీటిని ఆపుతుంది. ఈ రెండు పొరల గుట్టు పట్టుకునే నౌబాద్ దగ్గర సొరంగ కాలువ, కరేజ్, తవ్వారు. అంత ఎత్తున ఒక రాజధానిని, అందులో ఒక తోటను నిలబెట్టింది పూలమీది మోజు కాదు, నీటి తెలివి.

సుల్తానుల నాటి అసలు తోట యుద్ధాల వల్లే పాడైందనేవాళ్లున్నారు. బీదర్ 1619లో బీజాపూర్ వశమైంది, 1657లో ఔరంగజేబు చేతికొచ్చింది, ఆ తర్వాత నిజాములది. అయినా మసీదు నిలిచింది, ముత్యపుచిప్పల పొదుగుతో రంగీన్ మహల్ నిలిచింది. గోడలు దాడులకు తట్టుకుంటాయి. తోటకు మాత్రం రోజూ నీళ్లు తోడే మనిషి కావాలి. రాజు కాపురం ఎత్తేశాక ఆ పనివాళ్లకు జీతమిచ్చేదెవరు? నన్నడిగితే తోటను చంపింది ఫిరంగి కాదు, ఖాళీ అయిన కొలువు. శిథిలాల మధ్య దుమ్ము లేచే కంటే పచ్చిక నయం కాదా అంటే, నయమే. నిజాం పురావస్తు శాఖ, గులాం యజ్దానీ ఆధ్వర్యంలో, ఈ కట్టడాలను పట్టించుకోబట్టే ఇవాళ మనకు చూడటానికి ఏదైనా మిగిలింది. హమామ్ మ్యూజియం అయింది, జనానా తోటలోకి జనం వచ్చారు. రాజులు పోయాక జరిగిన మంచి అది. కాకపోతే పచ్చిక ఒక్కదాన్నే చరిత్ర అనుకోవడం దగ్గరే నా పేచీ.

ఈసారి బీదర్ వెళ్తే గడ్డి మీద చద్ది విప్పండి, కాదనను. ముందు మాత్రం హౌజు దగ్గర నిలబడి, కాలువ వెంట ఎగువకు నాలుగడుగులు నడవండి.